పండు ఎండడం వేరు, ఎండినట్టే ఉండడం వేరు: కృష్ణా తీరంలో ఇంటి పోపురీ

వానాకాలంలో వేయించిన అప్పడాన్ని పళ్ళెంలో పెట్టి పది నిమిషాలు మరిచిపోతే ఏమవుతుందో బెజవాడలోనైనా గుంటూరులోనైనా ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెత్తబడి సాగుతుంది. ఎండబెట్టిన బత్తాయి చక్రానికీ అదే గతి. ఇంట్లో పోపురీ చేసుకుని, మూడు వారాలకల్లా బూజు పట్టి పారబోసుకునేవాళ్ళు సాధారణంగా "సరిగ్గా ఎండలేదేమో" అనుకుంటారు. చాలాసార్లు అది సగం నిజమే. పండు ఎండే ఉంటుంది, తర్వాత మన ఊరి గాలి దాన్ని మళ్ళీ తడిపి ఉంటుంది. ఎండబెట్టడం ఒక పని, ఎండినదాన్ని ఎండినట్టే నిలబెట్టడం ఇంకో పని. చలి దేశాలవాళ్ళు రాసిన పద్ధతుల్లో ఈ రెండో పని ఊసు పెద్దగా ఉండదు. చలికాలమంతా ఇంట్లో హీటరు నడుస్తుంటే లోపలి గాలి పొడిగానే ఉంటుంది మరి.

పోపురీ అంటే ఎండు పండ్లు, పూలరేకులు, సుగంధ దినుసులు కలిపి గదిలో గిన్నెలో పెట్టుకునే మిశ్రమం. ఫ్రెంచి మాట. ఉన్నదున్నట్టు అర్థం చెప్పుకుంటే "కుళ్ళిన కుండ". పాత తడి పద్ధతిలో సగం వాడిపోయిన గులాబీ రేకుల్ని ఉప్పుతో పొరలు పొరలుగా కుండలో వేసి వారాల తరబడి ఊరనిచ్చేవారు. ఆ ముద్ద చూడ్డానికి బాగుండదు కాబట్టి మూతకు చిల్లులున్న పాత్రలో దాచి పెట్టేవారు. ఇప్పుడు మనం చూసే రంగురంగుల ఎండు మిశ్రమం పొడి పద్ధతిలో చేసింది.

ఆ తడి పద్ధతి మన దగ్గర కుదరకపోవడానికి కారణం ఉప్పే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే నీరవుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున చేరే నీళ్ళు అవే. కాబట్టి ఉప్పు కలపమని ఎక్కడ చదివినా ఆ వాక్యం వదిలేయండి. మామిడి ఒరుగులకు ఉప్పు పట్టించి అలవాటైన చేయి కూడా ఇక్కడ ఆగాలి. ఒరుగును జాడీలో మూతపెట్టి దాస్తాం, కాస్త చెమ్మ మిగిలినా ఉప్పు దాన్ని చెడనివ్వదు. పోపురీ చక్రం తెరిచిన గిన్నెలో గాలికి కూర్చుంటుంది. దానికి ఉప్పు పట్టిస్తే ఆ ఉప్పే చెమ్మను పిలిచి తెస్తుంది.

వాసన పండుది కాదు

ఎండు పండ్ల పోపురీలో వాసన పండ్ల నుంచే వస్తుందని అనుకోవడం సహజం. కానీ రాదు. తాజా బత్తాయి తొక్కను మడిచి గిల్లి చూడండి. సన్నటి తుంపర చిమ్ముతుంది, గది అంతా గుప్పుమంటుంది. ఆ తుంపరలో నూటికి 90 పాళ్ళకు పైగా లిమొనీన్ అనే ఒకే పదార్థం. అది చాలా తేలిక, నిలవదు. పండు ఎండే మూడు నాలుగు రోజుల్లోనే చాలావరకు ఎగిరిపోతుంది. తొక్కలో మిగిలిన కాస్తా గాలి తగిలి మారిపోయి, కొన్నాళ్ళకు రంగుల్లో కలిపే టర్పెంటైన్‌ను గుర్తుచేసే ఘాటుకు దిగుతుంది.

లవంగంలోని యూజినాల్ అలా కాదు. లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరిగితే యూజినాల్ మరగడానికి 250 డిగ్రీలు దాటాలి. గదిలో ఏదీ మరగదు నిజమే, కానీ ఏది ఎంత త్వరగా ఆవిరై పోతుందో ఈ అంకెలను బట్టి పోల్చుకోవచ్చు. వట్టివేరులో ఉండేవి ఇంకా బరువైనవి. బీరువాలో చీరల మధ్య పెట్టిన వట్టివేళ్ళు ఏళ్ళు గడిచినా వాసన వదలకపోవడం అందుకే.

అందుకని పోపురీలో ఉండే సరుకు మూడు రకాలుగా పని పంచుకుంటుంది. పండ్లు కంటికి. దినుసులు, నూనెలు ముక్కుకు. మూడో రకం, అంటే వేళ్ళు, బంకలు, ఈ రెండో రకం ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి. చాలామంది మూడోదాన్ని పూర్తిగా మానేస్తారు. వారం తిరిగేసరికి గిన్నె చూడ్డానికి బాగుంటుంది గానీ వాసన ఉండదు.

ఏ పండు, ఏది వద్దు

తొక్క దళసరిగా, తొనల మధ్య పొరలు గట్టిగా ఉండే నిమ్మజాతి పండ్లే ఈ పనికి మొదటివి. కమలా ఎండితే ముదురు నారింజ రంగు నిలుస్తుంది. బత్తాయి లేత బంగారు రంగుకు వస్తుంది, గింజలు ఎక్కువ. నిమ్మ చిన్న చిన్న చక్రాలుగా బాగుంటుంది. దబ్బపండు దొరికితే వదలకండి, దాని తొక్క ఎండినా వంపు తిరిగి బొమ్మలా ఉంటుంది. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లోనో, గుంటూరు కొల్లి శారద మార్కెట్లోనో ఏరుకునేటప్పుడు మెరుపు చూడకండి, బరువు చూడండి. చేతిలో బరువుగా ఉన్నది రసం ఎక్కువున్న పండు. తాగడానికి అది మంచిది, ఎండబెట్టడానికి కాస్త తేలికపాటిదే మేలు.

అరటి, అనాస, మామిడి, సపోటా, బొప్పాయి వద్దు. వాటిలో కండ అంతా చక్కెరే. చక్కెర గాలిలోని చెమ్మను లాగుతుంది, చీమల్నీ లాగుతుంది. ఆపిల్ చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఎంత ఎండినా తోలులా వంగుతుంది, తొలి వానకే మెత్తబడేది అదే. డిసెంబరు నుంచి మే లోపు వాడి తీసేసేటట్టయితే వేసుకోండి. తరిగిన వెంటనే ఒక వంతు నిమ్మరసానికి నాలుగు వంతుల నీళ్ళు కలిపి అందులో 10 నిమిషాలు ముంచితే గోధుమరంగు తిరగదు.

నిమ్మజాతికి తోడుగా ఎండు మారేడు ముక్కలు చాలా బాగుంటాయి. అడ్డంగా కోసి ఎండబెట్టినవి మూలికల కొట్లలో సిద్ధంగా దొరుకుతాయి. దానిమ్మ తొక్క ఎండితే గట్టిపడి ముదురు ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది. ఉసిరి ముక్కలు నల్లబడతాయి. అది చెడిపోవడం కాదు, వాటిలోని వగరు గాలికి అలా మారుతుంది. లేత రంగుల మధ్య ఆ నలుపు కావలసిందే.

పైన్ కాయల కోసం వెతకనక్కర్లేదు. బాపట్ల, చీరాల తీరంలో సరుగుడు తోటల కింద రాలి ఉండే చిన్న కాయలు వాటికన్నా ముచ్చటగా ఉంటాయి. గుంటూరు చుట్టుపక్కల పత్తి తీసేశాక చేలో మిగిలే డొప్పలు నాలుగైదు రెక్కల పువ్వులా విచ్చుకుని ఉంటాయి. ఇవి అలంకారానికే కాదు. కట్టెలాంటి పొడి సరుకు నూనెను పీల్చి మెల్లగా వదులుతుంది, పండు ఆ పని చేయలేదు.

పూల విషయంలో ఒక మాట. మల్లెలు వద్దు. మల్లె కోసిన తర్వాత కూడా విచ్చుకుంటూ వాసన తయారు చేసుకుంటుంది. ప్రాణం పోతే వాసన ఆగిపోతుంది, ఎండిన మల్లె గోధుమరంగు పొట్టు మాత్రమే. సంపెంగ కూడా అంతే. పొగడపూలు ఇందుకు పూర్తిగా భిన్నం. ఎండి వన్నె తగ్గినా నెలల తరబడి పరిమళిస్తూనే ఉంటాయి. చెట్టు కింద పొద్దున్నే రాలినవి ఏరి నీడన రెండు రోజులు ఆరబెడితే చాలు. మరువం, దవనం ఆకుల్లోనే నూనె ఉంటుంది కాబట్టి అవీ నిలుస్తాయి. రంగు కోసం బంతి రేకులు, వాసనున్న నాటు గులాబీ రేకులు వేసుకోవచ్చు.

ఎర్రగా నల్లటి చుక్కతో ముద్దొస్తాయని గురివింద గింజలు వేయకండి. ఒక్క గింజ నమిలినా చిన్నపిల్లల ప్రాణం మీదకు రావచ్చు. గన్నేరు పూలు, ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా విషమే. పోపురీ గిన్నె తినేవాటి గిన్నెలా కనిపిస్తుందని, పాకే పిల్లలున్న ఇంట్లో అది అందే ఎత్తులో ఉండకూడదని మరిచిపోవద్దు.

కోత

పండ్లను గోరువెచ్చని నీళ్ళలో తినే సోడా కొంచెం వేసి రుద్ది కడగండి. బండి మీది కమలాలకు మైనం పూత ఉంటే ఆ పూత తొక్క వైపు నుంచి నీరు పోనివ్వదు. తుడిచి, పదునైన కత్తితో 5 మిల్లీమీటర్ల మందాన అడ్డంగా చక్రాలు కోయండి. 3 మిల్లీమీటర్లకు తగ్గితే తొనలు చిరిగి నడుమ కన్నాలు పడతాయి, ఎండాక చేతిలోనే విరుగుతాయి. 8 దాటితే పైకి ఎండి లోపల పచ్చిగా మిగులుతుంది. మందం అన్నిటికీ ఒకటే ఉండడం ముఖ్యం, లేకపోతే ఒక పళ్ళెంలోనే కొన్ని మాడుతుంటాయి, కొన్ని తడిగా ఉంటాయి. కత్తి మొనతో గింజలు తీసేయండి. తర్వాత పాత నూలు చీర ముక్కను రెండు మడతలు పరిచి, చక్రాల్ని దాని మీద పేర్చి, పైన ఇంకో మడత వేసి అరచేత్తో నిమిషంపాటు అదమండి. చిన్న పనే, కానీ గంట ఎండ కలిసొస్తుంది.

కిలో బత్తాయి చక్రాల్లో 870 గ్రాముల దాకా నీరే. ఎండాక మిగిలేది 130 నుంచి 150 గ్రాములు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎండలో, ఓటీజీలో

మార్చి నుంచి మే దాకా మేడ మీది ఎండను మించిన యంత్రం లేదు. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే రోజుల్లో 5 మిల్లీమీటర్ల చక్రాలు మూడు నాలుగు రోజుల్లో ఎండుతాయి. స్టీలు పళ్ళెంలో ఎండబెట్టకండి. అడుగుకు గాలి తగలదు, రసం పళ్ళేనికి అతుక్కుని చక్రం ఊడి రాదు. నులక మంచం మీద దోమతెర బిగించి పరిచి, దాని మీద చక్రాల్ని ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన ఇంకో పొర తెర కప్పండి. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. రోజుకు రెండుసార్లు తిప్పండి.

చాలామంది ఇక్కడ తప్పే చోటు సాయంత్రం. వడియాల్లా రాత్రి కూడా మేడమీదే వదిలేస్తారు. నాలుగు, నాలుగున్నర దాటాక వేడి తగ్గేకొద్దీ గాలిలో తేమ శాతం పెరుగుతుంది. పగలంతా పోయిన నీటిలో కొంత తెల్లవారేలోపు మళ్ళీ చేరుతుంది. నాలుగింటికల్లా లోపలికి తెచ్చి, గదిలో ఫ్యాను కింద ఉంచండి. రెండో రోజు సాయంత్రానికి చక్రం సగం పైగా ఎండి ఉంటుంది. అక్కడి నుంచి నిటారు ఎండ కన్నా గాలి ఆడే నీడ మేలు. నేరుగా ఎండ తగులుతూనే ఉంటే కమలా రంగు వెలిసిపోతుంది.

వానాకాలంలో, లేదా మేడ లేని ఫ్లాటులో ఓటీజీ, అంటే వంటింట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, తప్పదు. చాలా ఓటీజీల్లో అన్నిటికన్నా తక్కువ గుర్తు 100 డిగ్రీలు. అక్కడ పెట్టి, తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టి వేలెడు సందు ఉంచండి. వేడి కొంచెం తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యం, ఆవిరి బయటికి పోతుంది. తలుపు మూసేస్తే చక్రాలు తమ ఆవిరిలో తామే ఉడుకుతాయి. జల్లెడలాంటి తీగ అర మీద పేర్చి, అరగంటకోసారి తిప్పుతూ మూడు నుంచి నాలుగు గంటలు. తొందరపడి 130కి పెంచితే పైపొర గట్టిపడి లోపలి నీటికి దారి మూసేస్తుంది. పైకి గలగలమంటూ ఉంటుంది, రెండు వారాలకు లోపలి నుంచి బూజు మొదలవుతుంది. పండ్లు ఎండబెట్టే యంత్రం, డీహైడ్రేటర్, ఉంటే 55 నుంచి 60 డిగ్రీల దగ్గర 8 నుంచి 12 గంటలు, తిప్పే పని కూడా ఉండదు. మైక్రోవేవ్ ఈ పనికి రాదు. ఒకచోట మాడ్చి పక్కనే పచ్చిగా వదిలేస్తుంది.

లవంగాలు గుచ్చిన నిండు నారింజలు చూడ్డానికి గొప్పగా ఉంటాయి. మన వాతావరణంలో వాటి జోలికి పోవద్దనే చెబుతాం. నడుమ ఉన్న రసం ఆరడానికి వారాలు పడుతుంది. లవంగం బూజును ఆపేది తాను దిగిన చోటే, పండు మధ్యలో కాదు. నిండు పండు కావాలంటే చిన్న నిమ్మకాయలకు పై నుంచి కిందికి ఆరేడు గాట్లు పెట్టి మే ఎండలో పది పన్నెండు రోజులు ఎండబెట్టండి.

ఎండిందని ఎలా తెలుస్తుంది

ఒక చక్రం తీసి పది నిమిషాలు చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు చక్కెర మెత్తగా ఉండి ఎండిన చక్రం కూడా వంగుతుంది, అది చూసి ఇంకా ఎండబెట్టి మాడ్చేవాళ్ళు ఉన్నారు. చల్లారాక వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. తొనలు రంగు అద్దంలా పారదర్శకంగా ఉండాలి. ఇప్పుడు తొక్కకూ తొనలకూ మధ్య ఉండే తెల్లటి దూదిలాంటి పొరను బొటనవేలి గోరుతో నొక్కండి. అన్నిటికన్నా చివర ఎండేది అదే. గోరు దిగితే, ఆ చోటు చల్లగా తగిలితే ఇంకా నీరు ఉన్నట్టు. పెళుసుగా గీత పడితే అయినట్టు. వంచితే తొన భాగం టక్కున విరగాలి.

వంటింటి తూకం ఉంటే ఇంకా నమ్మకం. పళ్ళెం మొత్తం తూచండి, గంట తర్వాత మళ్ళీ తూచండి. తేడా లేకపోతే ఇక పోయే నీరు లేదు. ఇందాకటి లెక్క ఇక్కడ వాడుకోవాలి: కిలో చక్రాలు 150 గ్రాములకు పైన ఆగిపోయాయంటే ఇంకా ఎండలేదు, గాలే తేమగా ఉంది.

ఇంతటితో పని అయిపోలేదు. చక్రాల్ని మూడింట రెండు వంతులు నిండేలా గాజు సీసాలో వేసి, తేమను పీల్చే సిలికా జెల్ 5 గ్రాముల పొట్లాలు రెండు మూడు పడేసి, మూత బిగించి వారం ఉంచండి. రోజూ ఒకసారి కుదపండి. మొదటి రెండు రోజులూ పొద్దున్నే మూత తీయకుండా సీసా గోడను చూడండి. లోపలి వైపు పొగమంచులా పట్టినా, చక్రాలు గాజుకు అంటుకున్నా మళ్ళీ ఓటీజీలో గంట. వారంపాటు సీసా శుభ్రంగా ఉంటే అప్పుడు ఎండినట్టు లెక్క. ఒక చక్రంలో మిగిలిన చెమ్మ ఈ వారంలో మిగతావాటికి సమంగా పంచుకుపోతుంది కూడా.

పురుగు

గుంటూరు పొగాకు, మిర్చి వ్యాపారాల ఊరు. పొగాకు గోదాముల్ని పీడించే గోధుమరంగు చిన్న పెంకు పురుగు మిర్చినీ, ధనియాలనీ, ఎండు పూలనీ అంతే ఇష్టంగా తింటుంది. కొట్లో కొన్న దినుసుల్లో దాని గుడ్లు కంటికి కనపడవు. రెండు నెలల తర్వాత గిన్నె అడుగున సన్నటి పిండి, దాల్చినచెక్కకు గుండుసూది మొనంత చిల్లులు కనపడితే అదే. నివారణ తేలిక. కొన్న దినుసులు, పూలు, డొప్పలు, కాయలు అన్నీ కలపకముందే గాలి చొరని కవరులో కట్టి డీప్ ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా నాలుగైదు గంటలు వదిలేయండి. వెంటనే విప్పితే చల్లటి సరుకు మీద గాలిలోని నీరు పట్టి, మీరు పడ్డ శ్రమంతా తడిసిపోతుంది. ఫ్రీజరు పురుగును చంపుతుంది, బూజును చంపదు. ఆ రెండూ వేరు.

ఎండు మిరపకాయలు ఎరుపు కోసం వేయాలనిపిస్తుంది. ఫ్యాను గాలికి ఆ ఘాటు తుమ్ములు తెప్పిస్తుంది, పురుగు ముందు వాటికే పడుతుంది. ఎరుపుకు దానిమ్మ తొక్క చాలు.

పట్టి ఉంచే దినుసులు

పాశ్చాత్య పద్ధతుల్లో ఓరిస్ అనే ఐరిస్ మొక్క వేరు పొడి వాడమంటారు. దాని కోసం తిరగనక్కర్లేదు. అదే పని చేసే సరుకు సున్నిపిండి దినుసులు అమ్మే ప్రతి కొట్లో ఉంది. వట్టివేళ్ళు, కచ్చూరాలు, తుంగముస్తలు, సాంబ్రాణి. గుంటూరు పట్నంబజారులో, విజయవాడ వన్‌టౌన్‌లో మూలికలు, పూజా సామగ్రి అమ్మే కొట్లలో అడిగితే ఇస్తారు.

ఇవి ఎలా పని చేస్తాయంటే, వేరు లోపల సన్నటి నాళాలు నూనెను పీల్చుకుంటాయి, ఎగిరే దారి ఇరుకవుతుంది. సాంబ్రాణి బంకలోని బరువైన పదార్థాల్లో తేలిక నూనెలు కరిగిపోయి, నెమ్మదిగా తప్ప బయటికి రాలేవు. అందుకే నూనెను పండ్ల మీద చల్లకూడదు. పండు ఎండిన చక్కెర, పీల్చుకోదు. చుక్క దాని మీద మరకగా నిలిచి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది.

సాంబ్రాణి కొనేటప్పుడు గడ్డ సాంబ్రాణే అడగండి. కప్పుల్లా, పుల్లల్లా అమ్మే వాటిలో బొగ్గుపొడి, జిగురు కలుస్తాయి, అవి మిశ్రమాన్ని నల్లగా చేస్తాయి. కచ్చూరాల్ని మెత్తటి పొడి చేయొద్దు, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తటి పొడి చక్రాల మీద దుమ్ములా పేరుకుంటుంది.

కొలత

ఒక పెద్ద గిన్నెకు, అంటే 220 గ్రాముల మిశ్రమానికి: ఎండు కమలా, బత్తాయి చక్రాలు 80 గ్రాములు, నిమ్మ చక్రాలు 20, దానిమ్మ తొక్క లేదా మారేడు ముక్కలు 20, సరుగుడు కాయలూ పత్తి డొప్పలూ కలిపి 30, పొగడపూలు లేదా గులాబీ రేకులు 15. దినుసుల్లో దాల్చినచెక్క 15, అనాసపువ్వు 10, లవంగాలు 5. పట్టు కోసం అంగుళం ముక్కలుగా కత్తిరించిన వట్టివేళ్ళు 12, కచ్చూరాలు 8, గడ్డ సాంబ్రాణి నలగ్గొట్టి 5. నూనెలు నారింజ తొక్క నూనె 2 మి.లీ., నిమ్మగడ్డి నూనె 1 మి.లీ., లవంగ నూనె అర మి.లీ. ఇరవై చుక్కలు సుమారు ఒక మి.లీ. అవుతాయి.

నిమ్మగడ్డి నూనె ఎందుకంటే, నారింజ నూనె పైకి వచ్చి త్వరగా పోతుంది. నిమ్మగడ్డి వాసన అదే దారిలో ఉండి ఇంకాస్త నిలుస్తుంది కాబట్టి పండు వాసన ఉన్న భావన మిగులుతుంది. నూనె స్వచ్ఛమైనదో కాదో చూడాలంటే తెల్ల కాగితం మీద నారింజ నూనె ఒక చుక్క వేసి మరునాటిదాకా వదిలేయండి. జిడ్డు మరక పెద్దగా మిగిలితే వేరే నూనె కలిపినట్టే. అలాంటిది దినుసుల్ని తడిగా, జిడ్డుగా ఉంచి కొన్నాళ్ళకు కనరు వాసన తెస్తుంది.

ముందు వట్టివేళ్ళు, కచ్చూరాలు, సాంబ్రాణి మాత్రమే చిన్న గాజు సీసాలో వేసి, నూనెలు వాటి మీద వేసి, మూతపెట్టి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాతే మిగతావన్నీ మూడు లీటర్ల సీసాలో వేసి, దీన్ని కలపండి. చేతులకు తొడుగు ఉండాలి, లవంగ నూనె చర్మాన్ని మండిస్తుంది. పాత్రలు గాజువే. నారింజ నూనె కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరచి కరిగిస్తుంది. అందుకే తర్వాత కూడా ప్లాస్టిక్ గిన్నెలో గానీ, పాలిష్ చేసిన టేకు బల్ల మీద నేరుగా గానీ పోయకండి.

సీసా చీకటి అలమరలో నాలుగు వారాలు. మొదటి వారం రోజూ తిరగేయండి, తర్వాత వారానికి రెండుసార్లు. ఈ దశలో సిలికా జెల్ పెట్టకండి. అది తేమతోపాటు వాసననూ కొంత లాక్కుంటుంది. మూడో రోజు మూత తీసి చూస్తే వాసన ముక్కలు ముక్కలుగా తగులుతుంది, లవంగం ఒకవైపు, నారింజ ఒకవైపు. నాలుగో వారానికి అవి కలిసిపోయి ఒకటే వాసన అవుతుంది. ఆగలేక వారానికే గిన్నెలో పోసేవాళ్ళు నూనె తక్కువైందనుకుని మళ్ళీ చల్లుతారు, అప్పుడు తలనొప్పి పుట్టించేంత ఘాటవుతుంది.

గదిలో

పదడుగులు పన్నెండడుగుల గదికి 40, 50 గ్రాములు చాలు. అంతా ఒకేసారి పోయొద్దు, మిగతాది సీసాలోనే ఉండాలి. ఫ్యాను కింద నేరుగా పెడితే వారంలో పోయే వాసన గోడ వారన అయితే మూడు నాలుగు వారాలు నిలుస్తుంది. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పండు ఎక్కువ రోజులు బాగుంటుంది. స్నానాల గదిలో మాత్రం పెట్టకండి. పిల్లి ఉన్న ఇంట్లో ఈ నూనెలు వాడకపోవడమే మంచిది, వాటి శరీరం వీటిని బయటికి పంపలేదు.

వాసన తగ్గితే మిశ్రమాన్ని ఒక గంట ఎండలో పెట్టి, వేళ్ళనూ సరుగుడు కాయల్నీ ఏరి, వాటి మీద ఐదారు చుక్కలు వేసి, మూతపెట్టి రెండు రోజులుంచి మళ్ళీ పోయండి. ఇలా మూడుసార్లు చేయవచ్చు. తర్వాత పండ్ల రంగు పోతుంది, వేళ్ళు, కాయలు మాత్రం దాచుకుని వచ్చేసారి వాడవచ్చు.

చక్రం మీద తెలుపు కనిపిస్తే కంగారుపడకుండా భూతద్దంలోనో, ఫోను కెమెరా దగ్గరగా పెట్టో చూడండి. పంచదార గట్టిపడినదైతే రవ్వల్లా మెరుస్తుంది, వేలితో గీకితే పొడి రాలుతుంది. బూజు అయితే నూగులా లేచి ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే ముక్కిన బియ్యం వాసన వస్తుంది. బూజే అయితే ఆ ఒక్క చక్రం తీసేస్తే సరిపోదు. ఎండలో పెట్టినా దాని బీజాలు చావవు, గిన్నె పెట్టిన గదిలోనే అవి గాలిలోకి లేస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే మరీ ప్రమాదం. ఆ గిన్నె మొత్తం పారేయాలి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో, అంటే గాలిలో తేమ 80 శాతం దాటే రోజుల్లో, తెరిచిన గిన్నె పెట్టకపోవడమే తెలివి. సన్నటి నూలు గుడ్డలో కట్టి బీరువాలో వేలాడదీయండి, లేదా మూత చిల్లులున్న పాత్రలో పోసి రాత్రిళ్ళు ఆ చిల్లులు మూసేయండి. అతిథులు వచ్చే రోజు గది పరిమళించాలంటే తడి దారి ఒకటుంది. లీటరు నీళ్ళలో రెండు కమలాల తాజా తొక్కలు, ఒక దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగాలు, గుప్పెడు మరువం వేసి సన్నటి సెగ మీద పెట్టడమే. ఉడకనక్కర్లేదు, ఆవిరి లేస్తే చాలు. ఎండబెట్టే పని లేదు, పట్టి ఉంచే దినుసులు అక్కర్లేదు. లిమొనీన్ త్వరగా ఎగిరిపోవడమే ఇక్కడ మనకు కావలసింది. ఇందులో సాంబ్రాణి మాత్రం వేయకండి, కరిగి గిన్నెకు అంటుకుంటే ఊడదు. నీళ్ళు సగానికి తగ్గగానే మళ్ళీ పోస్తూ, స్టవ్ దగ్గర మనిషి ఉండగానే చేయండి. పొయ్యి ఆపాక పారబోయండి, రేపటికి దాచొద్దు. మన ఉక్కకు తెల్లారేసరికి ఆ నీళ్ళు పులుస్తాయి.